ముప్పై మంది ప్రేక్షకులు

న్యూజిలాండ్‌లోని తెలుగు నర్సులకు ఒక త్రోబాల్ పోటీ ఉంది. చలికాలమంతా, అంటే ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, వారాంతాల్లో హైస్కూలు జిమ్‌లు అద్దెకు తీసుకుని చిన్న మ్యాచ్‌లు ఆడతారు. అక్టోబరు చివర లేబర్ డే సెలవునాడు ఆక్లండ్‌లోని ఒక పెద్ద ఇండోర్ హాల్లో ఒకే ఒక్క పెద్ద మ్యాచ్ జరుగుతుంది. జట్లు ఇక్కడి ఊళ్ళను బట్టి ఏర్పడవు; ఎవరు ఏ నర్సింగ్ కాలేజీలో చదివారో దాన్ని బట్టి ఏర్పడతాయి. యాభై దాటిన స్త్రీలు కూడా కాలేజీ రంగు టీషర్టు తొడుక్కుని, మోకాలికి పట్టీ చుట్టుకుని, హాస్టల్ రోజుల నాటి పగలతో కోర్టులోకి దిగుతారు. పెద్ద మ్యాచ్‌కు టికెట్టు ఉంటుంది. టికెట్టుతో పాటు బిర్యానీ పొట్లం ఉంటుంది. ఆ మ్యాచ్‌లో ఏ రెండు కాలేజీలు తలపడాలన్నది కమిటీ నిర్ణయిస్తుంది.

ఆ నిర్ణయం మీద నాకు మొదటినుంచీ అనుమానమే. గెలుపులను బట్టి పిలుస్తామని పైకి చెబుతారు. కానీ హాలు అద్దె టికెట్ల మీదే రావాలి కనుక, ఏ కాలేజీ వెంట ఎంతమంది ప్రయాణం చేసి వస్తారన్నది కూడా చూస్తారు. కోర్టులోని బలాన్నీ బస్సులోని జనాన్నీ కలిపి ఒకే తూకం వేస్తారు. ఏది ఎన్నో వంతు అన్న సంగతి ఎక్కడా రాసి ఉండదు. అది కమిటీ పెద్దాయన మనసులో ఉంటుంది. ఆయనకు ఆక్లండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌లో కిరాణా దుకాణం ఉంది. టికెట్లు అమ్ముడయ్యేది ఆయన కౌంటర్ మీదే. కందిపప్పు కొనడానికి వచ్చిన వారికి టికెట్టు అంటగట్టగల మనిషి, ఏ కాలేజీవారు తన దుకాణానికి ఎక్కువగా వస్తారో మరచిపోయి జట్లను ఎంపిక చేస్తాడని నేను ఎందుకు నమ్మాలి?

నా వృత్తి నాకు అలవాటు చేసిన ధోరణి ఇది. నేను పాల కర్మాగారాలకు వెళ్ళి అక్కడి త్రాసులు, ఫ్లో మీటర్లు చూపించే అంకె సరైనదో కాదో పరీక్షిస్తాను. పరికరం తనకు తాను ఇచ్చుకునే సాక్ష్యాన్ని మేము అంగీకరించం. మరో పరికరంతో పోల్చి చూసిన తరువాతే సంతకం పెడతాం.

నా భార్య చదివిన కాలేజీ కోస్తాలోని ఒక మిషన్ ఆసుపత్రికి అనుబంధంగా ఉండేది. అది మూతపడి చాలా కాలమైంది. మిగతా కాలేజీల జట్లలోకి ఏటా కొత్తగా వలస వచ్చిన అమ్మాయిలు చేరుతూంటే, ఈ జట్టు మాత్రం ఉన్నవాళ్ళతోనే వయసు మీరుతూ వచ్చింది. అయినా ఆ ఏడాది చలికాలంలో నా భార్య కెప్టెన్‌గా ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచారు. ఇక పెద్ద మ్యాచ్‌కు పిలవక తప్పదు. అప్పుడు పెద్దాయన ఫోన్ చేశాడు. నా భార్య చేతులకు పిండి అంటుకుని ఉండడం వల్ల స్పీకర్‌లో పెట్టమంది. అందువల్ల నేనూ విన్నాను.

“చూడమ్మా, ఆటల మీరు తోపులే, కాదన్నోడు లేడు. గానీ మీ ఎంబడి జనమేరి? పోయినసారి మీరు ఆడిన్నాడు మీ దిక్కు కుర్చీలన్నీ ఖాళీగనే ఉండె. ఫొటోలల్ల మంచిగ కనబడలే.”

“మావాళ్ళకి షిఫ్టులు ఉంటాయి కదా అంకుల్. ఇంట్లో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని రావట్లేదా?”

“ఇక్కడ అందరు నర్సులేనమ్మా. వేరేటోళ్ళకు లేవా షిఫ్టులు? కమిటీ మాట చెప్తున్న, యాది పెట్టుకో. ముప్పై మందిని తీస్కరా. రాకుంటే వచ్చే ఏడు నుంచి మీరు మిక్స్‌డ్‌ల ఆడాలె.”

మిక్స్‌డ్ అంటే, జట్టుకు సరిపడా మనుషులు లేని కాలేజీల వారినందరినీ కలిపి తయారు చేసే జట్టు. దానికి కాలేజీ పేరు ఉండదు. తెల్ల టీషర్టు ఇస్తారు.

ఫోన్ పెట్టేసిన తరువాత నా భార్య చాలాసేపు చపాతీలు ఒత్తింది. అవసరమైనవాటికంటే ఎక్కువే ఒత్తింది. చివరికి, “తెల్లది వేసుకోమంటే నేను ఆడనండీ. మా కాలేజీ పేరు పిలిచేవాళ్ళు ఇంకెక్కడున్నారు?” అంది.

ముప్పై మంది అన్నారు సరే, ముప్పై ఏమిటి? టికెట్లా, మనుషులా? హాలు ద్వారం దగ్గర ఫోన్‌తో టికెట్లు స్కాన్ చేసే పని నాది కనుక, కమిటీవారి వీడియో సమావేశంలో ఆ ప్రశ్న నేనే లేవనెత్తాను. ఏటా పెద్ద మ్యాచ్‌లో ఒక పక్కన ఆడేది, మా వాళ్ళ కాలేజీకి సరిగ్గా ఏటి అవతలి ఒడ్డున ఉన్న ఒక పెద్ద కాలేజీ జట్టు. వారి తరఫు భర్తలు కొందరు టికెట్లు గుత్తగా కొని పంచుతారని, కొన్నవన్నీ ద్వారం దాకా రావని నేను గమనించాను. అందుకని స్పష్టమైన నియమం ఒకటి ప్రతిపాదించాను. అమ్మకాన్ని లెక్కలోకి తీసుకోరాదు. మ్యాచ్ మొదలుపెట్టే విజిల్ పడేలోపు ద్వారం దాటి లోపలికి వచ్చి, టికెట్టు స్కాన్ అయినవారిని మాత్రమే లెక్కించాలి. అందరూ ఒప్పుకున్నారు. పెద్దాయన మాత్రం కళ్ళద్దాలు పైకి తోసుకుని, “ఇంజనీరు సారు గట్టోడే,” అన్నాడు.

నా భార్యకు ఆ నియమం నచ్చలేదు.

“ఎవర్ని పట్టుకుందామని మీ రూలు?”

“అవతలివాళ్ళని.”

“వాళ్ళకి ఆక్లండ్‌లో సగం ఊరు ఉంది. ద్వారం దగ్గర లెక్కపెడితే వాళ్ళకేం పోయింది? ఇరుక్కునేది మేమే. మావాళ్ళు డ్యూటీ దిగి, స్నానం చేసి, బస్సెక్కి రావాలి.”

కొలత సరిగా ఉండాలంటే అది ఎవరికి కష్టమో చూడకూడదని అన్నాను. నా అభిప్రాయం ఇప్పటికీ అదే. ఆమె ఫోన్ తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళింది.

గరాజ్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ రోజు నుంచి ఆమె ఫోన్లన్నీ అక్కడే సాగాయి. ఆక్లండ్‌కు దక్షిణాన పాపకూర అనే పేటలో మేము ఉంటున్న ఇంట్లో గరాజ్‌కూ వంటగదికీ మధ్య పలుచటి గోడ. మాట వినిపిస్తుంది కాని పదం తెలియదు. నేను నీళ్ళు తాగడానికి లేస్తే అవతల గొంతు తగ్గేది. ఆ వారంలోనే నా ఫోన్‌లో టికెట్ల స్క్రీన్ మీద మా వైపు అమ్మకం ఒక్కసారిగా పెరిగింది. అది మెల్లగా పెరగవలసిన రేఖ. హామిల్టన్ నుంచి ఒకరు, రోటోటూనా నుంచి ఇద్దరు అన్నట్టు పెరగాలి. నిటారుగా లేచిన రేఖను చూస్తే కర్మాగారంలో మేము ముందుగా పరికరాన్నే అనుమానిస్తాం. గుత్తగా కొనే పని ఇప్పుడు మన ఇంట్లోనే మొదలైందా అని అడగబోయి ఆగాను. అడిగితే వచ్చే జవాబును పోల్చి చూడడానికి నా దగ్గర మరో ఆధారం లేదు.

అంతలో ఒక ఆదివారం, చర్చి అయిన తరువాత, ప్రత్యర్థి జట్టు కెప్టెన్ స్వయంగా మా ఇంటికి వచ్చింది. నా భార్య పని చేసే రెస్ట్ హోమ్‌కు, అంటే వృద్ధులను చూసుకునే ఇంటికి, ఆమె మేనేజర్ కూడా. ఆ సంస్థకు దక్షిణ ఆక్లండ్‌లో ఉన్న మరి రెండు హోమ్‌ల డ్యూటీల రోస్టర్‌ను కూడా ఆమే వేస్తుంది. మా వాళ్ళ వైపు మ్యాచ్ చూడడానికి రావలసిన స్త్రీలలో సగం మంది ఆ మూడు హోమ్‌లలోనే పని చేస్తారు. అంటే మా ప్రేక్షకులకు సెలవు ఇవ్వవలసింది అవతలి జట్టు కెప్టెన్! ఇంతకంటే లోపభూయిష్టమైన ఏర్పాటు ఏ కర్మాగారంలోనూ చూడలేదు. అలాంటి మనిషి గోంగూర పచ్చడి సీసాతో గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

“వందనాలు బావగారూ! అట్లా చూస్తారేంటి? పచ్చడిలో విషం కలపలేదులే.”

“కలిపితే మాత్రం చెబుతావా?”

“అక్కా, మీ ఆయన సీసాకి కూడా స్కాన్ పెట్టేలా ఉన్నాడే!”

ఇద్దరూ వంటగదిలోకి వెళ్ళారు. నవ్వులు వినిపించాయి, తరువాత నవ్వులు ఆగాయి. నేను టీ కప్పులకోసమన్నట్టు లోపలికి వెళ్ళేసరికి నా భార్య ముఖం గంభీరంగా ఉంది. మాట మధ్యలో ఆపి, “అయితే అంతే మాట,” అంది. అవతలి ఆమె తల ఊపింది. వెంటనే ఇద్దరూ గోంగూరలో వెల్లుల్లి ఎక్కువైందా తక్కువైందా అన్న చర్చలో పడ్డారు. ఆ చర్చ నాకోసం పెట్టినది.

ఆమె కారు కదిలిన తరువాత అడిగాను. “ఏమిటి అంతే మాట?”

“ఆడవాళ్ళ మాటలు.”

“ఓడిపొమ్మందా?”

నా భార్య నన్ను తేరిపార చూసింది. “ఓడిపోవడానికి ఒప్పుకునేదాన్ని అయితే, మోకాలికి ఈ వయసులో సూది మందు ఎందుకు వేయించుకుంటానండీ?”

అది నిజమే అనిపించింది. కాని నిజమనిపించడం వేరు. నేను ఆ సీసా తెరవలేదు. ఆమే తెరిచి, నాలుగు రోజుల్లో ఖాళీ చేసింది.

పెద్ద మ్యాచ్ నాడు నేను ముందుగానే హాలుకు చేరుకున్నాను. ఏర్పాటు ఇది: మా వైపువారి బస్సు హామిల్టన్‌లో బయలుదేరి, రోటోటూనాలో ఆగి, మోటర్‌వే మీద పాపకూర దాకా వచ్చి, అక్కడ ఉదయం డ్యూటీ దిగే స్త్రీలను, వారి పిల్లలను ఎక్కించుకుని హాలుకు రావాలి. మ్యాచ్ నాలుగు గంటలకు. స్క్రీన్ మీద మా వైపు అమ్మిన టికెట్లు ముప్పైకంటే ఎక్కువే ఉన్నాయి. కుర్చీలలో ఉన్నది పదకొండు మంది.

అవతలి వైపు చూసి నేను ఆశ్చర్యపోయాను. ఏటా కిక్కిరిసిపోయే ఆ పక్కన ఖాళీలు కనిపిస్తున్నాయి. కోర్టులో వార్మప్ చేస్తున్న వారి జట్టులోనూ ఒక ముఖ్యమైన మనిషి కనిపించలేదు. బంతిని వెనక గీత నుంచి నేరుగా విసరగల పొడవాటి అమ్మాయి, ఏటా మా వాళ్ళ పాలిట గండం. ఆమె ఎక్కడ అని వారి వైపు భర్త ఒకరిని అడిగాను.

“డ్యూటీలో పడింది అంకుల్, పాపకూరలో. మేడమే వేశారు. మాకూ అర్థం కాలా.”

నాకు అప్పుడు కొంత అర్థమైంది. మా వాళ్ళు సెలవు పెట్టిన మధ్యాహ్నపు షిఫ్టులలో మేనేజర్ తన కాలేజీ వాళ్ళను వేసింది. స్క్రీన్ మీద నిటారుగా లేచిన రేఖ, గరాజ్ ఫోన్లలో సెలవు మాట దొరికిన రోజున లేచింది. అయితే ఎందుకు చేసింది? తన జట్టును బలహీనపరుచుకుని ప్రత్యర్థి కుర్చీలు నింపే కెప్టెన్ ఎవరైనా ఉంటారా? ఒక ప్రశ్నకు జవాబు దొరికితే దాని వెనక ఇంకొకటి నిలబడింది.

బస్సులో ఉన్న ఒకావిడ నుంచి మెసేజ్ వచ్చింది. పాపకూర హోమ్‌లో ఒక వృద్ధురాలు బాత్‌రూమ్‌లో జారిపడింది. ఆ సమయంలో దగ్గర ఉన్నది మా వాళ్ళే. పడిన మనిషిని పరీక్షించి, ఇంటివాళ్ళకు ఫోన్ చేసి, తరువాతి షిఫ్టువారికి అంతా అప్పగించి గాని కదలలేరు. బస్సు వారికోసం ఆగింది. ఇప్పుడే బయలుదేరుతున్నారట. సెలవు సాయంత్రపు మోటర్‌వే ఎలా ఉంటుందో నాకు తెలుసు. విజిల్‌కు వాళ్ళు అందుకోలేరు.

నేను కోర్టు పక్కకు వెళ్ళి నా భార్యకు చెప్పాను. ఆమె మోకాలి పట్టీ బిగించుకుంటూ, “ఆపించలేరా?” అంది.

“నాలుగు గంటలకు విజిల్. అందరి ముందూ ఒప్పుకున్నది.”

“మీరు పెట్టిన రూలే కదండీ.”

“నేను పెట్టినది కనుకనే తాకలేను.”

ఆమె పట్టీ చివర లోపలికి దోపుకుని లేచింది. నెట్ దగ్గరికి వెళ్ళింది. అవతలి కెప్టెన్ బంతి పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఏదో ఒక్క ముక్క మాట్లాడుకున్నారు; నేను వినలేకపోయాను.

మా పోటీలో విజిల్‌కు ముందు ప్రార్థన ఉంటుంది. గత ఏడాది గెలిచిన జట్టు కెప్టెన్ చేయాలి; అంటే ఈసారి అవతలి కెప్టెన్. మామూలుగా అది రెండు వాక్యాలు: ఎవరికీ దెబ్బలు తగలకూడదు, ఆమెన్. పెద్దాయన విజిల్ మెడలో వేసుకుని సైగ చేశాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ద్వారం నా బాధ్యత.

“ప్రేమగల మా పరలోకపు తండ్రీ,” అని ఆమె మొదలుపెట్టింది. “ఈ దినము కొరకై నీకు స్తోత్రములు. ఈ హాలు కొరకై స్తోత్రములు. ఈ నున్నని నేల కొరకై, ఈ నెట్ కొరకై, దానిని నిలబెట్టుచున్న రెండు స్తంభముల కొరకై స్తోత్రములు.”

కొందరు “ఆమెన్” అన్నారు. ఆమె ఆగలేదు. బిర్యానీ కోసం కృతజ్ఞత చెప్పింది. దాన్ని వండినవారి కోసం, పొట్లాలు కట్టినవారి కోసం, బియ్యం ఇచ్చిన అంకుల్‌గారి దుకాణం దినదినాభివృద్ధి చెందడం కోసం వేడుకుంది. పెద్దాయన చేతిలోని విజిల్ నోటిదాకా వెళ్ళి, తన దుకాణం మాట వినగానే కిందికి దిగింది. తరువాత ఆమె రెస్ట్ హోమ్‌లను తలుచుకుంది. మంచం దిగలేని వారిని, పేరు మరచిపోయిన వారిని, ఈ మధ్యాహ్నం జారిపడిన తల్లిని, ఆమె తుంటి ఎముకను దేవుని చేతులకు అప్పగించింది. ఆ గొంతులో నటన ఉందా అని నేను శ్రద్ధగా విన్నాను. కొన్నిచోట్ల ఉన్నట్టు తోచింది. తుంటి ఎముక దగ్గర లేదు.

పెద్దాయన ఒక కన్ను తెరిచాడు. తెరిచి ఉన్న నా కళ్ళను చూసి చటుక్కున మూసుకున్నాడు.

“మరియు ప్రభువా, ఈ ఘడియలో దక్షిణ మోటర్‌వే మీద ప్రయాణము చేయుచున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. వారి లేనులలో అడ్డములేకుండ చేయుము. వారికి పార్కింగు దయచేయుము.”

కోర్టులో ఎవరో ఫక్కున నవ్వి దగ్గుగా మార్చారు. ఆమె మళ్ళీ అందుకుంది. మాతృదేశంలోని కాలేజీలను దీవించమంది. ఉన్నవాటిని, మూతపడినవాటిని. అక్కడ ఆమె గొంతు కాస్త తగ్గింది. నా భార్య తల ఇంకా కిందికి వంగింది.

అప్పుడు బయట బస్సు తలుపు తెరుచుకున్న శబ్దం వినిపించింది.

వాళ్ళు చెప్పులు చేతపట్టుకుని వచ్చారు. యూనిఫాం మీదే కాలేజీ టీషర్టు తొడుక్కున్నవాళ్ళు, నిద్రపోతున్న పిల్లలను ఎత్తుకున్నవాళ్ళు, తలల మీద చున్నీలు కప్పుకుని మునివేళ్ళ మీద నడిచి వచ్చారు. నేను స్కానర్ శబ్దం ఆపి, ఒక్కొక్క టికెట్టూ స్కాన్ చేశాను. ప్రార్థన సాగుతూనే ఉంది. చివరి మనిషి కుర్చీలో కూర్చున్నాక కోర్టు మధ్యనుంచి “ఆమెన్” వినిపించింది. ఆ తరువాతే విజిల్ పడింది.

మొదటి సెట్ సగంలో ఉండగానే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

“ఎంతమంది?”

“ముప్పై నలుగురు.”

“ప్రార్థన నడుస్తుంటె వచ్చిన్రు. లేకుంటె అందకపోదురు. గది లెక్కకు రాదు.”

“విజిల్ పడేలోపు లోపలికి వచ్చినవారు అన్నాం. విజిల్ మీ మెడలోనే ఉంది. మీరు ఊదినప్పుడే పడింది.”

“గంతసేపు ప్రార్థన ఎవలన్న చేస్తరా తమ్మీ?”

“ప్రార్థనకు మనం కాలపరిమితి పెట్టలేదు.”

ఆయన మెడలోని విజిల్ వైపు, తరువాత నా వైపు చూశాడు. నేను కూడా ఈ పన్నాగంలో ఉన్నానని ఆయన అనుమానం. ఆ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుమానించేవాణ్ణి. “నీ రూలు నాకే తగిలిందిపో,” అని గొణిగి, స్కోర్‌బోర్డు దగ్గరికి వెళ్ళాడు. వచ్చే ఏడాది కూడా ఆ కాలేజీ తన పేరుతోనే ఆడుతుందని విరామంలో మైకులో ప్రకటించాడు. మా వైపువారు బాగా అరిచారు, యూనిఫాంలో ఉన్న ఒకావిడ కుర్చీ మీదికి ఎక్కింది.

మ్యాచ్ మాత్రం మా వాళ్ళు ఓడిపోయారు. పొడవాటి అమ్మాయి లేకపోయినా రెండు సెట్లూ ఓడిపోయారు. ఇందులో ఏదైనా ఒప్పందం ఉందేమోనని నేను చివరి బంతి దాకా చూశాను. అది శుభ్రమైన ఓటమి.

బిర్యానీ పొట్లాల దగ్గర అవతలి కెప్టెన్ నన్ను పట్టుకుంది.

“బావగారూ, క్రిస్మస్‌కి కేకు మీరే చేసుకోవాలి. అక్క ఆ రోజంతా నా రెస్ట్ హోమ్‌లోనే.”

“ఎందుకు?”

“ఊరికే సెలవులిచ్చానా? మీవాళ్ళందరూ క్రిస్మస్ డ్యూటీ, మావాళ్ళందరూ చర్చి. అంతే మాట. నన్ను అంత పిచ్చిదాన్ని అనుకున్నారా?”

నాకు నిజానికి ఊరట కలిగింది. పచ్చడి సీసా, గరాజ్, ఖాళీ కుర్చీలు అన్నీ ఒక లెక్కలో సరిపోయాయి. ఇది వస్తుమార్పిడి, దీన్ని నేను అర్థం చేసుకోగలను. క్రైస్తవ నర్సుకు క్రిస్మస్ ఉదయపు సెలవుకంటే విలువైనది లేదు. నా భార్య ఈ దేశం వచ్చినప్పటినుంచి ఆ ఉదయపు ఆరాధనను ఒక్కసారి కూడా మానలేదు. తన కాలేజీ పేరుకోసం ఆమె ఇచ్చినది అది.

క్రిస్మస్ రోజు వేకువనే ఆమెను నేను కారులో దింపాను. డిసెంబరు ఇక్కడ వేసవి కనుక అప్పటికే తెల్లగా వెలుతురు ఉంది. ఆమె యూనిఫాం మీద చిన్న నక్షత్రపు పిన్ను పెట్టుకుంది. రెస్ట్ హోమ్ ముందు కారు ఆపి, అన్ని వారాలుగా అట్టిపెట్టుకున్న ప్రశ్న అడిగాను.

“ఆ ప్రార్థన కూడా ఒప్పందంలో ఉందా?”

“లేదు.”

“నెట్ దగ్గర ఏదో చెప్పావు కదా.”

“బస్సు లేటయింది అని చెప్పా. అంతే. ప్రార్థన పొడిగించమని నేను అడగలేదండీ. దేవుడి దగ్గర అలాంటివి అడుగుతామా?”

“మరి దానికి బదులు ఏం కావాలంది?”

“ఏమీ అడగలా.”

ఆమె తలుపు తీసి, మోకాలు మెల్లగా బయట పెట్టి దిగింది. లోపలనుంచి ఎవరో వృద్ధుడు కిటికీ గుండా ఆమెకు చేయి ఊపుతున్నాడు. ఏమీ అడగలేదన్న మాటను నేను లెక్కలో ఏ పక్కన వేయాలో తెలియక, ఇంజన్ ఆపకుండానే అక్కడ కొంతసేపు కూర్చున్నాను.